రెండు దారుల మోటారుసైకిలు

రోడ్డుమీదను, రాళ్లబాటలోను ఒకే మోటారుసైకిలు నడువగలదా? అమెరికాలో అంతకుముందు చాలమంది బరువైన రోడ్డు బండ్లనే మార్చి కొండదారులలో వాడుకొనెడివారు. 1968లో జపానుకు చెందిన యమహా సంస్థ అచట విక్రయించిన డి.టి.-1 వారి కొరత తీర్చినది. 246 ఘన సెంటీమీటర్ల టూ-స్ట్రోక్ ఇంజను, తేలికైన చట్రము, రోడ్డుకు వలసిన దీపములు దానికి గలవు. కందెన నూనెను పెట్రోలులో కలుపనక్కరలేదు. ఒక చిన్న పంపు దానిని ఇంజనుకు అందించును.

నేడు ఆ పాతబండిని బాగుచేయువారు రంగుకంటె ముందు ఈ పంపును పరీక్షింపవలెను. నూనె అందనిచో పిస్టను వేడెక్కి, వ్యాకోచించి, సిలిండరులో బిగిసిపోవును. గొలుసుతో ఇంజనుకు కలిసియున్న వెనుకచక్రము తటాలున ఆగి బండి జారును. వెంటనే క్లచ్చి నొక్కినచో చక్రము విడివడి తిరుగును. కనుక అట్టి బండిపై రోడ్డెక్కువాని వ్రేళ్లు క్లచ్చి పిడికి దగ్గరగా నుండుట మేలు.