నల్లరేగడి నేల – ఇంటి గోడల పగుళ్లు

సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న పల్లెలలో ఒకే నేలకు పలు పేర్లు వినవస్తాయి. తెలుగులో నల్లరేగడి, కన్నడంలో ఎరె మణ్ణు, మరాఠీలో కాళీ మాతీ, తమిళంలో కరిసల్. (కోవిల్‌పట్టి ప్రాంతంలో తెలుగు ఇంట పుట్టి తమిళంలో రచనలు చేసిన కి. రాజనారాయణన్ కరిసల్ సీమ పలుకుబడికి నిఘంటువునే కూర్చారు.) పేరేదైనా గుణం ఒక్కటే. ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలిస్తుంది. పైమట్టి ఆ నెర్రెలలోకి రాలి అడుగుకు చేరుతుంది కనుక దీనిని తనను తానే దున్నుకొనే నేల అంటారు. పైరుకు మేలైన ఈ గుణమే ఇంటికి చేటు.

నలుపును చూసి ఇందులో ఆకుఎరువు మెండుగా ఉన్నదని పలువురు భావిస్తారు. నిజానికి రేగడిలో సేంద్రియ పదార్థం స్వల్పమే. మొక్కల అవశేషాలు నీటిలో సగం కుళ్లి పేరుకొనగా ఏర్పడే పీట్ నేల వేరు. కేరళలోని కుట్టనాడు ‘కరి’ నేలలు ఆ కోవకు చెందినవి. పీట్ స్పంజి వలె నీరు పట్టి ఉంచుతుంది. బాగా ఎండిన పిమ్మట ఎంత తడిపినా పూర్వపు పరిమాణానికి రాదు. పైగా గాలి సోకి క్రమంగా క్షయిస్తుంది. ఇంగ్లండులోని హోమ్ ఫెన్ అనే చోట చిత్తడిని ఎండగట్టిన కాలంలో, 1851లో, నేలమట్టానికి పాతిన ఇనుప స్తంభం నేడు దాదాపు 4 మీటర్లు పైకి కనిపిస్తుంది. స్తంభం లేవలేదు, నేల దిగినది. రేగడి అట్లు కాదు. ఏటా లేస్తుంది, ఏటా దిగుతుంది.

దీనికి మూలం మాంట్‌మొరిల్లోనైట్ అనే బంకమన్ను ఖనిజం. పుస్తకపు పుటల వలె ఒకదానిపై ఒకటి పేర్చిన అతి పలుచని పొరలు అందులో ఉంటాయి. వాటి నడుమకు నీరు చేరితే పొరలు ఎడమవుతాయి, నీరు తొలగితే దగ్గరవుతాయి. ఈ కదలిక సాధారణంగా సుమారు 3.5 మీటర్ల లోతు వరకు ఉంటుంది.

నేలంతా సమంగా లేచి దిగితే గోడకు హాని లేదు. వానకాలంలో ఇంటి చుట్టూ నేల తడుస్తుంది, గచ్చు కింది నేల పొడిగానే ఉంటుంది. వేసవిలో ఇది తారుమారవుతుంది. అప్పుడు కిటికీ మూలల నుండి ఏటవాలుగా పగుళ్లు పుడతాయి. బరువు తక్కువ గనుక ఒంటి అంతస్తు ఇండ్లకే ఈ బాధ ఎక్కువ. పగులుపై సిమెంటు పూత పూయించుట డబ్బు దండుగ. మరుసటి ఏడు అదే చోట తెరచుకొంటుంది.

స్థలం కొనేముందు మట్టిని పరీక్షించవచ్చు. జల్లించిన పొడిమట్టి 10 గ్రాముల చొప్పున రెండు కొలగాజు జాడీలలో వేసి, ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరసనాయిలు 100 మిల్లీలీటర్ల గీత వరకు పోసి, కలిపి, 24 గంటలు ఉంచాలి. కిరసనాయిలులో ఈ మట్టి ఉబ్బదు. అందులో మట్టి 10 గీతలకు, నీటిలో 18 గీతలకు నిలిస్తే ఉబ్బు 80 శాతం. 50 శాతం దాటితే జాగ్రత్త అవసరం. హైస్కూలు ప్రయోగశాలలో సైతం చేయదగిన పరీక్ష ఇది.

కొత్త ఇంటికి మన మేస్త్రీలు పునాది కింద ఇసుక నింపుతారు. ఇసుక నీటిని సులువుగా లోపలికి రానిస్తుంది కనుక అది చాలదు. ఉబ్బని, కొంత జిగట గల మొరం మట్టిని సుమారు మీటరు మందాన దిమ్మిస కొట్టి వేయుట మేలు. ఖర్చు భరించగలవారికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్ పునాది ఉన్నది. ఇది కాంక్రీటు కంబం. అడుగున దాని వెడల్పుకు రెండున్నర రెట్లు ఉబ్బెత్తుగా ఉండి, నేల కదలని లోతున పట్టు నిలుపుతుంది.

పాత ఇంటికైతే తడిని ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉంచుటే మార్గం. గోడ చుట్టూ బయటికి వాలుగా గచ్చు వేయించాలి. చూరునీరు, స్నానాల గది నీరు గోడ మొదట నిలువకుండా దూరంగా పోనివ్వాలి. గోడ పక్కన వేప, రావి వంటి పెద్ద చెట్లు నాటరాదు; వేసవిలో వేళ్లు తడిని పీల్చగా ఆ మూల దిగిపోతుంది. ఉన్న పెద్ద చెట్టును ఒక్కసారిగా కొట్టివేసినా చిక్కే. అంతవరకు పొడిగా ఉన్న నేల మరల నీరు పట్టి లేస్తుంది.