పులసకు త్రోవ

గోదావరి తీరమున ఒక సామెత కలదు: పుస్తెలమ్మి యైనను పులస తినవలెనట. సముద్రమున నున్నంతకాలము ఆ చేపను ఇలస యందురు. వరదలు రాగానే అది గ్రుడ్లు పెట్టుటకై నదిలో ప్రవేశించి, ఎఱ్ఱనీటి కెదురీది పైకి వచ్చును. అప్పుడు దానికి పులస యని పేరు. ఆ రుచియు, ఆ ధరయు ఈ ప్రయాణము వలన కలిగినవే. ఆ ప్రయాణమునకు మనుజుడు కట్టిన అడ్డును గూర్చి నేడు ముచ్చటింతము.

1847వ సంవత్సరమున ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని ప్రారంభించెను. 1852లో అది ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నదీపాయలకు అడ్డముగా నిలిచిన ఆ కట్టడము కరవుసీమను అన్నపూర్ణగా మార్చెను. కాటన్ దొరకు గోదావరి రైతు నేటికిని చేతులెత్తి మ్రొక్కుట న్యాయమే. ఆ యుపకారమును తగ్గించి చెప్పుట నా యుద్దేశము కాదు.

అయినను, ఏటేట పైకి వచ్చు చేపకు త్రోవ యేది యను ప్రశ్న ఆలస్యముగా వచ్చినది. మద్రాసు సైన్యమున వైద్యుడైన ఫ్రాన్సిస్ డే, మన దేశపు మంచినీటి చేపలను గూర్చి 1873లో నివేదిక ప్రకటించి, ఆనకట్టలు చేపల రాకపోకల నరికట్టుచున్నవనియు, వానిలో చేపలకు మార్గము లుంచవలయుననియు వాదించెను. అప్పటికి ధవళేశ్వరపు గోడ లేచి ఇరువదియొక్క యేండ్లు.

తరువాత మార్గ మమర్చరాదా యని మీరడుగవచ్చును. పాశ్చాత్యదేశములలో సాల్మను చేపకై మెట్లు కట్టుదురు. అది ఎగిరి మెట్టు మీద మెట్టు దాటును. పులస ఈదుటలో దిట్టయే కాని ఎగురజాలదు. ఒక చేపకు కుదిరిన మెట్లు మఱియొక చేపకు గోడయే యగును. గంగానదిపై ఫరక్కా బరాజి 1975లో పనిచేయ నారంభించినది. అంతకుముందు ఇలస అలహాబాదు వరకును పోయెడిది. బరాజిలో చేపలకై లాకులుంచినను పూర్వపు వలస నిలువలేదు. మన గోదావరిలోను పులస తగ్గుటకు అడ్డుకట్ట యొక్కటియే కారణము కాదు; మితిమీరిన వేటయు, నీటి కాలుష్యమును తోడైనవి. కాని ముగిసిన త్రోవను తెఱచుట యెంత కష్టమో ఈ నదులు చెప్పుచున్నవి.

నీటికి చెల్లిన నీతి నేలకును చెల్లును. హైదరాబాదు నుండి నాగపురము మీదుగా ఉత్తరమునకు పోవు 44వ జాతీయ రహదారి పెంచ్ పులుల అడవిని చీల్చుకొని సాగును. దానిని వెడల్పు చేయదలచినపుడు వ్యాజ్యములు నడచినవి, కాలము గడచినది. తుదకు మహారాష్ట్ర భాగమున తొమ్మిది చోట్ల రహదారిని పైకెత్తి, క్రింద మృగములకు దారి విడిచిరి. వానిలో మిక్కిలి పొడవైనది 750 మీటర్లు. 2019లో భారత వన్యప్రాణి సంస్థవారు కెమెరా లమర్చి చూడగా, పులులతో సహా 18 జాతుల అడవి జంతువులు ఆ దారుల నడచుచుండెను. పైన బండ్లు, క్రింద పులులు. ఎవరి ప్రయాణము వారిది.

ఈ రెండు కథలకు భేద మొక్కటే. పెంచ్ లో ప్రశ్న కట్టడమునకు ముందు పుట్టినది; ఇచ్చట కట్టడము తరువాత పుట్టినది. కావున పునాది త్రవ్వుటకు ముందే, కనీసము ఒక సంవత్సరము, అన్ని ఋతువులలోను ఆ చోటు చూడవలెను. ఏ మృగము ఎచ్చట నీరు త్రాగును? ఏ పక్షి ఏ మాసమున గూడు కట్టును? ఏ చేప ఎప్పుడు ఎదురీదును? ఇవి పటములో గుర్తింపబడవలెను. ఈని పొదుగు మాసములలో మందుగుండు ప్రేల్పరాదు. విడిచిన దారిని ప్రాణులు వాడుచున్నవో లేదో పని ముగిసిన పిమ్మటను కనిపెట్టి చూడవలెను. ఈ సంగతులు తీరవాసులగు జాలరులకును, అడవి ప్రజలకును చిరకాలముగా తెలిసినవే. వారిని ముందుగా నడిగిన ఖర్చు స్వల్పము.

రాయికి, సున్నమునకు లెక్క వ్రాయు పుస్తకములోనే పులసకును ఒక పుట కేటాయింపుడు. అది మొదటి పుటలలో నుండవలెను.