ఊరు మారిన పిల్లవాడికి బడి

జూన్ మాసం వచ్చేసరికి మన ఊళ్ళలో ప్రతి ప్రాథమిక పాఠశాల వాకిట ఒక దృశ్యం కనిపిస్తుంది. వేరొక ఊరినుండి బదిలీపై వచ్చిన తండ్రి, చేతిలో కాగితాల సంచి. ప్రక్కన తల్లి కొంగు పట్టుకొని, క్రొత్త బడిని పరాయి యింటిని చూచినట్లు చూచే పిల్లవాడు. లోపల ప్రధానోపాధ్యాయుడు ముందుగా అడిగే ప్రశ్న "టి.సి. తెచ్చినారా?" అనేది. పిల్లవాని పేరు అడగడం ఆ తరువాతి సంగతి. పసివాని చదువుకూ, ఆ కాగితానికీ ఇంత విడదీయరాని ముడి ఎట్లా పడినది? ఇది అనాదిగా వచ్చిన ఆచారమేమీ కాదు. దీనికొక చరిత్ర ఉన్నది.

రెండు వందల ఏండ్లకు పైగా వెనుకకు పోదాము. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలలో ఎన్ని బడులున్నవో, ఎందరు చదువుతున్నారో లెక్కలు పంపుమని కలెక్టర్లను ఆజ్ఞాపించినాడు. ఆ లెక్కలన్నీ చేరిన మీదట 1826 మార్చిలో ఆయన వ్రాసిన నివేదిక ప్రకారం రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. ఆనాటి జనాభా కోటీ ఇరవైయెనిమిది లక్షల పైచిలుకు. అంటే సుమారు వెయ్యిమందికి ఒక బడి చొప్పున ఉన్నదన్నమాట.

ఈ లెక్కలలో మనకు మిక్కిలి ఉపకరించేది బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక. నేటి అనంతపురం సీమ కూడా అప్పుడు ఆ జిల్లాలోనే చేరి ఉండేది. ఆయన లెక్కకు వచ్చిన 533 బడులలో 235 కన్నడానివి, 226 తెలుగువి. తక్కినవి మరాఠీ, సంస్కృతం, పారశీకం వగైరాలవి. ఇతర కలెక్టర్లు పలువురు అంకెలతో సరిపెట్టుకొనగా, కాంబెల్ బడిలో పిల్లవానిని చేర్చుకొనే విధానాన్ని గూడ వర్ణించినాడు. పిల్లవానికి అయిదవ యేడు రాగానే తలిదండ్రులు అయ్యవారినీ, ఆ బడిలోని పిల్లలనందరినీ తమ యింటికి పిలుస్తారు. వినాయకుని ప్రతిమ చుట్టూ అందరూ వలయంగా కూర్చుంటారు. క్రొత్తవాడిని స్వామికి ఎదురుగా కూర్చుండబెట్టి, అయ్యవారు ధూపం వేసి, ప్రార్థన చెప్పించి, వాని వ్రేలు పట్టి బియ్యంలో దేవుని పేరు వ్రాయిస్తాడు. తలిదండ్రులు శక్తికొలది కానుక ఇస్తారు. మరునాటి ఉదయం వాడు బడి పిల్లవాడు!

గమనించదగినదేమంటే, పిల్లవాడు బడిని వెదుకుకొంటూ పోలేదు. బడియే తన యావత్తు పరివారంతో వాని యింటికి నడచివచ్చినది. క్రొత్తవాని ముఖం మరునాటికి తోటి పిల్లలకు పరిచితమై ఉంటుంది.

ఆ బడి నడిచే తీరు కూడా ఊరు మారిన పిల్లవానికి అనుకూలంగా ఉండేదని చెప్పవచ్చును. నేటివలె జూన్‌లో ఆరంభించి ఏప్రిలులో ముగించే తరగతి లేదు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పడం, ఎవరికి వచ్చినంతవరకు వారిని అక్కడినుండి ముందుకు నడిపించడం ఆనాటి పద్ధతి. ఓనమాలు వచ్చినవాడు గుణింతానికి, గుణింతం వచ్చినవాడు ఎక్కాలకు. పొరుగూరినుండి మాఘమాసంలో వచ్చి చేరినా, శ్రావణంలో వచ్చి చేరినా వాని చోటు వానికి ఉండనే ఉంటుంది. వేళకు రావడం విషయంలో మాత్రం అయ్యవారు కఠినుడే. ఉదయాన అందరికంటె ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవాడట. రెండవవాని చేతిలో సున్న. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోయేవి. చివర వచ్చినవాని సంగతి శ్రోతలు ఊహించుకొనవచ్చును.

అంతమాత్రం చేత ఆ వీధిబడి స్వర్ణయుగమని పొగడనక్కరలేదు. బళ్ళారి జిల్లా మొత్తం మీద 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మందే. అంటరానివారుగా ఎంచబడిన కులాల పిల్లలకు ఆ వలయంలో చోటే లేదు. ఉన్న పిల్లలను సైతం దారిద్ర్యం వల్ల, చేతులు పనికి వచ్చే వయసు రాగానే తలిదండ్రులు బడి మాన్పిస్తున్నారని కాంబెల్ స్వయంగా విచారించినాడు. బడిలో చేర్చుకొనడం అయ్యవారి యిష్టం, ఊరి మర్యాద. హక్కు అనే మాట అప్పటికి పుట్టలేదు.

1854లో సర్ చార్లెస్ ఉడ్ పంపిన విద్యాశాసనంతో పరిస్థితి మారినది. ప్రభుత్వం విద్యాశాఖను నెలకొల్పి, ప్రైవేటు బడులకు గ్రాంటు ఇవ్వసాగినది. గ్రాంటు అంటే ప్రజాధనం, ప్రజాధనమంటే లెక్క, లెక్కకు రిజిస్టరు కావలెను. 1860 దశాబ్దంలో వచ్చిన "ఫలితాన్ని బట్టి చెల్లింపు" అనే పద్ధతిలో ఇనస్పెక్టరు బడికి వచ్చి పిల్లలను పరీక్షించి, ఎందరు నెగ్గితే అంత సొమ్ము ఇచ్చేవాడు. ఇంగ్లండులోను ఈ పద్ధతియే ఉండేది. అక్కడ 1862లో రాబర్ట్ లో దానిని ప్రవేశపెట్టినాడు. ఇట్టి యేర్పాటులో ఒక పిల్లవాని పేరు రెండు బడుల రిజిస్టర్లలో ఉన్నదంటే ఒక్క తలకు రెండు చోట్ల సొమ్ము రావచ్చును. ఈ బడి విడిచినాడని ఋజువు లేనిదే ఆ బడిలో చేర్చుకొనరాదనే నియమానికి మూలం ఈ లెక్కల భయమేనని నా అభిప్రాయం. పిల్లవాని క్షేమం కోరి పుట్టిన నియమంగా అది నాకు తోచదు.

కాగితం పుట్టిన తరువాత దాని మీద గళ్ళు పెరిగినవి. పుట్టిన తేది, కులం, పుట్టుమచ్చలు, చదివిన తరగతి, నడవడిక, చెల్లించవలసిన ఫీజు బాకీలు. ఒక కాలంలో మశూచికపు టీకాలు వేసినదీ లేనిదీ గూడ వ్రాసేవారు. పుట్టిన తేది సంగతి తమాషాగా ఉంటుంది. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ వర్తించే చట్టం 1969లో గాని రాలేదు. అంతవరకు, ఆ తరువాత గూడ చాలా కాలం, పల్లెటూరి తల్లి "గోదావరికి వరద వచ్చిన యేడు" అంటే, పంతులుగారు పిల్లవాని ముఖం చూచి, తమ బుద్ధికి తోచిన తేదీ వేసేవారు. మన పెద్దలలో ఇంతమంది జూలై ఒకటవ తేదీన పుట్టడానికి కారణం గ్రహస్థితి కాదు, రిజిస్టరు. ఆ తేదీయే తరువాత ఉద్యోగానికి, పింఛనుకు కూడ ఆధారమైనది.

నిర్బంధ విద్య మాట గోపాలకృష్ణ గోఖలే ఎత్తినారు. 1911లో ఆయన ప్రవేశపెట్టిన బిల్లు మరుసటి యేడు 13 ఓట్లకు 38 ఓట్లతో వీగిపోయినది. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం వచ్చినది గాని, నిర్బంధం ఎంపిక చేసిన ప్రాంతాలకే పరిమితం.

ఇక తెలుగువారు పెద్దయెత్తున, అదీ ప్రభుత్వాజ్ఞ వల్లనే, ఊళ్ళు మారిన ఘట్టాలు చూతాము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం అవతరించినది, కర్నూలు రాజధాని. మద్రాసునుండి తరలివచ్చిన కచేరీలు గుడారాలలో కూర్చున్నవి. మూడేండ్లు గడచి కాస్త నిలద్రొక్కుకొనేసరికి 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. మరల మూట ముల్లె కట్టుకొని హైదరాబాదు ప్రయాణం. ఒకటి అక్టోబరు, ఒకటి నవంబరు. రెండును విద్యాసంవత్సరానికి నట్టనడుమ! రాష్ట్రాల పుట్టుకకు ముహూర్తం పెట్టినవారు బడి పిల్లల పంచాంగం చూచి ఉండరు. వసతి దొరకక కుటుంబాన్ని వెనుక విడిచి వచ్చిన గుమాస్తాలు ఆనాడు పలువురు. 1953లో మద్రాసులో మొదటి తరగతిలో ఉన్న బాలుడు అయిదవ తరగతి చేరకముందే మూడు నగరాల బడులను చూచి ఉండవచ్చును.

హైదరాబాదులో సమస్య వేరొక రూపంలో ఉండేది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధించినది. పై చదువుకు ఉర్దూయే దారి. తెలుగులో చదువుకొనడానికి నగరంలో వారు పడిన పాట్లకు సాక్ష్యంగా నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు 1928లో స్థాపించిన ఆంధ్ర బాలికల పాఠశాల నిలిచినది. 1948 తరువాత పరిస్థితి మారుతూ వచ్చినది గాని, క్రొత్తగా వచ్చిన తల్లి అడిగే మొదటి మాట "ఏ భాషలో చెబుతారండీ?" అని ఉండడం సహజమే.

భాష మాట వచ్చినది గనుక ఒక చిన్న విషయం. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు ఢిల్లీలో సమావేశమై, ఒక బడిలో నలుబది మంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని ఒకే మాతృభాష గలవారుంటే ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుని నియమించవలెనని తీర్మానించినారు. 1956 నవంబరు 1వ తేదీన, అనగా ఆంధ్రప్రదేశ్ పుట్టిన దినముననే అమలులోనికి వచ్చిన ఏడవ రాజ్యాంగ సవరణ 350-ఎ అధికరణం ద్వారా, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సదుపాయం కల్పించడం రాష్ట్రాల బాధ్యత అని చెప్పినది. ఖరగ్‌పూరు రైల్వే కాలనీలోనో, చెన్నపట్టణంలోనో స్థిరపడిన తెలుగు కుటుంబానికి ఈ పదిమంది లెక్క ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. తొమ్మిదిమంది ఉన్నచోట ఒక కుటుంబం బదిలీపై వచ్చి దిగితే, వారి పిల్లవాడు తాను బడిలో చేరడమే గాక పంతులును గూడ తెచ్చినవాడవుతాడు.

కాగితానికి మరింత బరువు తెచ్చినవి స్థానికతా నియమాలు. 371-డి అధికరణాన్ని అనుసరించి 1974లో కళాశాల ప్రవేశాలకు, 1975లో ఉద్యోగాలకు రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడినవి. ఉద్యోగాల ఉత్తర్వు ప్రకారం, పదవ తరగతితో ముగిసే వరుస నాలుగేండ్ల చదువు ఎక్కడ చదివితే ఆ ప్రాంతానికి స్థానికుడు. తెలంగాణకు 2018లో వచ్చిన ఉత్తర్వు ఈ గురుతును ఇంకను క్రిందికి దించి, ఒకటి నుండి ఏడవ తరగతి వరకు గల చదువులో నాలుగేండ్లు ఎక్కడ గడిచినవో చూడమన్నది. అనగా ఆరేండ్ల బిడ్డను ఏ జిల్లాలో బడికి పంపినామనేది, ఆ బిడ్డ ముప్పదేండ్ల వయసులో వ్రాసే ఉద్యోగపు దరఖాస్తును నిర్ణయిస్తుంది. ప్రాంతీయ న్యాయం కోసం ఏర్పడిన నియమమే. దాని అవసరాన్ని కాదనను. కాని దాని భారం మోసేది మాత్రం ఒకటవ తరగతి హాజరు పట్టీ.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయిన తరువాత ఈ సంగతి అందరి అనుభవంలోనికి వచ్చినది. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాదునుండి వెలగపూడికి విడతలుగా తరలినది. ఉద్యోగులకు వారానికి అయిదు దినాల పని ఇచ్చినారు. విజయవాడ, సికింద్రాబాదుల మధ్య ఒక రైలు వేసినారు. సోమవారం ఉదయం రైలెక్కి శుక్రవారం రాత్రి ఇల్లు చేరిన తండ్రులు, తల్లులు ఎందరో. పిల్లల బడి కదలలేదు గనుక ఇల్లు కదలలేదు. తెలంగాణనుండి తరలివచ్చినవారి పిల్లలను ఆంధ్రప్రదేశ్‌లో స్థానికులుగా గుర్తించడానికి మొదట మూడేండ్లు గడువు పెట్టి, తరువాత దానిని పొడిగించుతూ పోయినారు.

ఈలోగా చట్టం వేరొక దారిన ముందుకు నడిచినది. 1993లో సుప్రీంకోర్టు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ వ్యాజ్యంలో, పదునాలుగేండ్ల లోపు బాలలకు చదువు ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినది. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిలు 1 నుండి అమలు. ఊరు మారినవారు ఇందులో ముఖ్యంగా తెలిసికొనవలసినది అయిదవ సెక్షను. రాష్ట్రంలోపల గాని, వెలుపలికి గాని బడి మారే పిల్లవానికి ప్రధానోపాధ్యాయుడు వెంటనే టి.సి. ఇవ్వవలెను, ఆలస్యం చేస్తే క్రమశిక్షణ చర్యకు గురియగును. టి.సి. రావడంలో జాప్యమైనదని క్రొత్త బడి చేర్చుకొనడం మానరాదు, వాయిదా వేయరాదు. పదునాలుగవ సెక్షను వయసు ఋజువు లేదని త్రోసివేయరాదన్నది. పదునైదవది, గడువు దాటి వచ్చినా చేర్చుకొనుమన్నది. వయసుకు తగిన తరగతిలో కూర్చుండబెట్టి, వెనుకబడినదానిని ప్రత్యేకంగా నేర్పుమని నాలుగవది చెప్పినది. మాఘంలో వచ్చినా శ్రావణంలో వచ్చినా చోటు ఇచ్చిన ఆ పాత వీధిబడి వాడుకకు, ఇన్నేండ్ల తరువాత, ఈసారి కులభేదం లింగభేదం లేకుండ, శాసనబలం చేకూరినది.

వలస కుటుంబాల బిడ్డలను బడిలో చేర్చే బాధ్యతను ఆ చట్టమే తొమ్మిదవ సెక్షనులో స్థానిక సంస్థలపై ఉంచినది. ఇక్కడనే కష్టమంతా ఉన్నది. ఒడిశాలోని బొలంగీరు, నువాపాడ ప్రాంతాలనుండి ఇటుక బట్టీల పనికి తెలంగాణకు వచ్చే కుటుంబాలు శరదృతువు దాటగానే బయలుదేరి, తొలకరి పడేవరకు ఇక్కడనే ఉంటారు. బడి జూన్‌లో తెరుస్తుంది. వారు నవంబరు ప్రాంతంలో ఊరు విడుస్తారు. పరీక్షల వేళకు బట్టీ ప్రక్కన గుడిసెలో ఉంటారు. మన పాలమూరునుండి ముంబయికి, అనంతపురం పల్లెలనుండి బెంగళూరుకు పోయేవారి పిల్లల గతి ఇంతే. ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. బట్టీల వద్ద ఒడియా పుస్తకాలతో పని చోటి బడులు నడిచినవి. తలిదండ్రులు వలస పోయినా పిల్లలు సొంత ఊరిలోనే ఉండి చదువుకొనేందుకు సీజనల్ హాస్టళ్ళు పెట్టినారు. అయితే తల్లి వెంట పోయిన పిల్లవాడు టి.సి. అడిగి తీసికొని పోడు. మరల వస్తాము గదా అనుకొంటారు. ఊరి బడిలో అయ్యవారు రోజూ పేరు పిలిచి గైరుహాజరు వేస్తూనే ఉంటాడు; బట్టీ దగ్గరి బడిలో ఆ పేరు క్రొత్తగా, ఒక్కొక్కసారి వేరొక వర్ణక్రమంతో ఎక్కుతుంది.

తొలకరి చినుకు పడగానే బట్టీ మంట ఆర్పుతారు. లెక్కలు తేల్చుకొని కుటుంబం రైలెక్కుతుంది. సరిగ్గా ఆ వారమే ఇక్కడి బడులు తెరిచి, క్రొత్త హాజరు పట్టీలో పేర్లు వ్రాయడం మొదలుపెడతారు.