నూటికి నూరు మార్కులు తెచ్చుకొన్న కార్లు

2024వ సంవత్సరము ఆగస్టు నెలలో, కాలిఫోర్నియా రాష్ట్రమున పసిఫిక్ మహాసముద్రపు టొడ్డున, పెబుల్ బీచ్ అను చోట ఒక పాత పందెపు కారునకు ప్రథమ బహుమానము ప్రకటింపబడినది. అది 1934 నాటి బుగాట్టి టైప్ 59. ఒకప్పుడు బెల్జియం రాజగు మూడవ లియోపోల్డ్ దానికి యజమాని. దాని నల్లరంగు అచ్చటచ్చట పెచ్చులూడినది, తోలు నలిగినది. దాని చుట్టును అద్దమువలె మెరయు కార్లు వరుసలు తీరి నిలిచియున్నవి. ఆ కార్లలో ఒక్కొక్కదాని జీర్ణోద్ధరణకు ఏండ్ల తరబడి పాటుపడినవారు, ధనరాశులు వెచ్చించినవారు అచ్చటనే ఉన్నారు. బహుమానము మాత్రము పెచ్చులూడిన కారునకే వచ్చినది. 1950లో ఆరంభమైన ఆ పోటీలో, ఉద్ధరింపక ఉన్నదున్నట్లు కాపాడిన కార్ల తరగతినుండి ఒక కారు సర్వప్రథమముగా నిలుచుట అదే తొలిసారి.

ఈ వార్త చదివి మేము ఆశ్చర్యపడితిమి. పిదప ఆ బహుమానముల వెనుకనున్న మార్కుల లెక్క యెట్టిదో, అది యెట్లు మారుచు వచ్చినదో పరిశీలించితిమి. ఆ వృత్తాంతమే నేటి మా ప్రసంగ విషయము.

ఇట్టి పోటీలను ఫ్రెంచివారు కాంకూర్ దెలెగాన్స్ అందురు; మన మాటలలో సొగసుల పోటీ. ఇవి గుఱ్ఱపు బండ్ల ఊరేగింపులనుండి పుట్టినవని చెప్పుదురు. 1920వ దశాబ్దములో పారిస్ నగరమున జరిగిన పోటీలలోనికి వచ్చినవి పాత కార్లు కావు, సరిక్రొత్త కార్లు. ఆ కాలమున కంపెనీ ఇంజనును చట్రమును మాత్రమే చేసి యిచ్చెడిది; పైకట్టడము వేఱొక శిల్పి పని. అట్టి శిల్పుల పనితనమును ధనికులకు చూపుటయే ఆ పోటీల ప్రయోజనము. కారు రంగునకు సరిపడు దుస్తులు ధరించిన యువతి ప్రక్కన నిలుచుటయు మెప్పులో భాగమే. ఇటలీలో కోమో సరస్సు తీరమున 1929లో విల్లా దెస్తేయందు జరిగిన పోటీయు ఇట్టిదే. న్యాయనిర్ణేతలకు కన్నే కొలబద్ద. మార్కుల పట్టికతో పని లేదు. నిన్నటి కారు ఆనాడు పాత ఇనుము క్రిందనే లెక్క.

పాత కారును పాతదిగానే గౌరవించుట ఇంగ్లండులో వేఱొక త్రోవను మొదలైనది. 1896 నవంబరు 14వ తేదీన లండనునుండి బ్రైటనుకు కార్లు సాగిన యాత్రను స్మరించుచు 1927లో మరల అట్టి యాత్ర నడిపినారు. 1930లో వెటరన్ కార్ క్లబ్బు ఏర్పడినది. ఈ యాత్రకు 1905కు ముందు పుట్టిన కార్లకే అర్హత. కనుక ఒక కారు 1904లో పుట్టినదా, 1905లో పుట్టినదా అనునది చిన్న ప్రశ్న కాలేదు. ఇంజను సంఖ్య, భాగముల తీరు, ఆనాటి కంపెనీ పట్టికలు చూచి క్లబ్బువారు వయస్సు నిర్ణయించెడివారు. కారు అందమైనదా అని కాక, కారు చెప్పుకొను మాట నిజమా అని అడిగిన వారిలో వీరు మొదటివారని మా అభిప్రాయము. ఆ ప్రశ్న పోటీ మైదానమునకు చేరుటకు చాల కాలము పట్టినది.

ఇక పెబుల్ బీచ్ సంగతి. 1950లో అడవిదారులలో జరిగిన కార్ల పందెమునకు తోడుగా ఈ సొగసుల పోటీని పెట్టినారు. ఆ యేటి విజేత ఎడ్వర్డ్స్ ఆర్-26 అను క్రొత్త కారు. 1955లో ఫిల్ హిల్ అను యువకుడు తన పినతల్లిదైన 1931 నాటి పియర్స్ ఆరో కారును బాగుచేసి తెచ్చి ప్రథమ బహుమానము గెలుచుకొన్నాడు. ఇతడే 1961లో ఫార్ములా వన్ పందెములలో ప్రపంచ విజేతయైనాడు. అచ్చట ఉద్ధరించిన పాత కారు గెలుచుట అదే మొదలు. తరువాత నెదర్‌కట్ అను నతడు 500 డాలర్లకు కొన్న 1930 నాటి డ్యూపాంట్ కారును కొన్ని వారములలో బాగుచేయుదునని పూనుకొని, పదునెనిమిది నెలలు శ్రమించి, 65,000 డాలర్లు ఖర్చుపెట్టి 1958లో అదే బహుమానము పొందినాడు. ఆ యేడునుండి పోటీ తీరు మారినదనవచ్చును. కారు కొన్న వెలకు నూట ముప్పది రెట్లు దాని మెరుపునకు వెచ్చించినవాడు గెలిచిన పిదప, వెనుక వచ్చువాడు అంతకంటె తక్కువతో రాడు గదా!

ఇంత ధనము, ఇంత పంతము చేరినచోట న్యాయనిర్ణేత నోటిమాట చాలదు, లెక్క చూపవలెను. అమెరికాలో 1935లో ఏర్పడిన పురాతన కార్ల క్లబ్బు 400 మార్కుల పద్ధతిని నడుపుచున్నది. అందు తొలి మెట్టు ప్రథమ బహుమానమునకు 365 మార్కులైనను రావలెను. 1952లో ఏర్పడిన క్లాసిక్ కార్ల క్లబ్బు నూరు మార్కుల పద్ధతిని చేపట్టినది. పద్ధతి యేదైనను దారి ఒక్కటే: మొదట మార్కులన్నియు ఇచ్చివేసి, కనబడిన దోషమునకల్లా తీసివేయుట. మన బడులలో మాస్టరుగారు డిక్టేషను దిద్దుటను తలచుకొన్నచో ఇది తేలికగా బోధపడును. రంగుపై గీత యున్న కొంత, తోలుపై మరక యున్న కొంత, మరలు ఆ కాలపువి కాకున్న కొంత తగ్గును. దీనితో "నూరు మార్కుల కారు" అను మాటయే ఒక బిరుదైనది.

దిద్దుబాటు పద్ధతిలో ఒక చిక్కు గలదు. దోషము కంటికి కనబడును, సత్యము కనబడదు. పురాతన కార్ల క్లబ్బు నియమము ఒక్కమాటలో చక్కగా ఉన్నది: ఆనాడు డీలరు కొనుగోలుదారునకు అప్పగించిన స్థితిలో కారు ఉండవలెను, అంతకు మించి మెరపించినందుకు అదనపు మార్కు లేదు. కాని మైదానములో రెండు కార్లు ప్రక్కప్రక్కన నిలిచినపుడు మెరయుదానివైపు చూపు పోకుండునా? అందువలన కార్లు తాము పుట్టిననాటికంటె అందముగా తయారైనవి. 1920వ దశాబ్దపు చివరివరకు కార్ల లోహపు నగిషీలకు నికెల్ పూత వేసెడివారు. దాని మెరుపు కొంచెము పసిమి గలది, మెత్తనిది. దానిపై క్రోమియము తళతళలు వచ్చి కూర్చున్నవి. కుంచెతో వార్నీషు పూసిన కాలపు కారునకు నేటి గట్టి రంగులు పట్టించి, పొర మీద పొర వేసి సానపట్టినారు. ఫ్యాక్టరీలో ఎవరును కన్నెత్తి చూడని చట్రపు అడుగుభాగముగూడ ముఖము చూచుకొనునట్లు మెరసినది.

తాళపత్ర ప్రతులు పరిష్కరించు పండితులలో ఒక తెగవారు కలరు. ప్రతిలోని పాఠము తమ వ్యాకరణమునకు లొంగకున్న, కవియే తప్పు వ్రాసెనని దిద్దివైతురు. పుస్తకము నిర్దుష్టమగును, కవి మాట పోవును. అయినను అచ్చట మూలప్రతి ఎచ్చటనో భద్రముగా ఉండవచ్చును. కారు విషయమున అట్లు కాదు. పాత రంగును గీకివేసిననాడే మూలప్రతి నశించినది. ఏ రంగు పొర క్రింద ఏ రంగు ఉన్నదో, ఏ పనివాని చేతిగుర్తు ఎచ్చట ఉన్నదో మరల చూపగలవారు లేరు.

దీనికి విరుగుడుగా ఒక పద్ధతి అమెరికాలోనే పుట్టినది. 1974లో ఏర్పడిన కార్వెట్ కార్ల పునరుద్ధారకుల సంఘము సుమారు 4,500 మార్కుల పట్టిక నొకదానిని నడుపుచున్నది. నూటికి 94 వచ్చినచో ఉత్తమ బహుమానము. వీరు అడుగు ప్రశ్న "ఎంత బాగున్నది?" అని కాదు, "ఫ్యాక్టరీ వాకిలి దాటునప్పటివలె ఉన్నదా?" అని. ఫ్యాక్టరీలో రంగు నారింజ తొక్కవలె గరుకుగా పడెనేని అట్లే పడవలెను. పనివాడు సుద్దముక్కతో గీసిన గుర్తులు సయితము ఉండవలెను. మాకీ పద్ధతి మెచ్చదగినదే కాని, నవ్వును వచ్చుచున్నది. ఏబది యేండ్ల క్రిందట సాయంత్రపు గంట కొట్టువేళ తొందరపడిన పనివాని అలసత్వమును, నేడొక నిపుణుడు తీరికగా, ఓర్పుతో అభ్యసించుచున్నాడు! అనుకరించిన తప్పును ఒప్పు క్రిందనే జమకట్టవలసి వచ్చినది.

ఈ చర్చ ఒకసారి న్యాయస్థానమునకే ఎక్కినది. "ఓల్డ్ నంబర్ వన్" అను బెంట్లీ కారు 1929లోను 1930లోను ఫ్రాన్సులోని లెమాన్ ఇరువదినాలుగు గంటల పందెమున గెలిచినది. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెమున అది కట్టమీదినుండి ఎగిరిపడి, నడుపుచున్న క్లైవ్ డన్‌ఫీ మరణించినాడు. తరువాత దానిని మూతగల కారుగా మార్చి కట్టినారు. 1990లో ఒక కంపెనీ కోటి పౌనులకు దానిని కొనుటకు ఒప్పుకొని, పిదప ఇది ఆ కారే కాదని వెనుదీసినది. లండను హైకోర్టులో న్యాయమూర్తి ఆటన్ ఆ కారు చరిత్రను ఏడేడుగా విచారించినారు. 1929లో గెలిచిననాటి భాగములు అందు ఇంచుమించు లేనట్లే తేలినది. అయినను, ఏనాడును ఆ కారు ఉనికి తెగిపోలేదనియు, ఆ పేరు చెప్పుకొనగల కారు మఱియొకటి లేదనియు నిర్ణయించి, అమ్మినవాని పక్షమున తీర్పు చెప్పినారు. ఆ తీర్పునుబట్టి ఒక కారు మూల భాగములు పోగొట్టుకొనియు ప్రామాణికము కావచ్చును. రథమనగా చక్రములా, ఇరుసా, నొగలా అని నాగసేనుడు మిళిందరాజును అడిగిన ప్రశ్న బౌద్ధ వాఙ్మయము చదివినవారికి తెలిసినదే. రెండువేల యేండ్లకు అది కోటి పౌనుల వ్యవహారమై తిరిగి వచ్చినది.

కట్టడముల విషయమున ఈ వివేకము ముందే కలిగినది. 1964 నాటి వెనిస్ ఒడంబడిక, ప్రాచీన కట్టడముల నుద్ధరించువారు ఊహ మొదలగుచోట ఆగవలెనని విధించినది. శిల్పముల మీద సున్నము కొట్టిన గుళ్లను చూచిన మనకు ఆ మాట విలువ వివరింపనక్కఱలేదు. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పురాతన వాహన సమాఖ్య ఆ దారినే ట్యూరిన్ ఒడంబడికను చేసికొన్నది. ముట్టుకొనవలసినంతయే ముట్టుకొనుము, చేసినదెల్లను వ్రాసి పెట్టుము అనునది దాని సారము. పోటీలలో ఉద్ధరింపని కార్లకు ప్రత్యేక తరగతులు ఏర్పడినవి. వానిలో లెక్క తలక్రిందులైనది: ఏమి చెడినదని కాక, ఏమి మిగిలినదని చూతురు. మొదట చెప్పిన బుగాట్టి ఈ త్రోవనే వచ్చినది.

మన దేశమున స్టేట్స్‌మన్ పత్రికవారి పాత కార్ల ర్యాలీ 1964లో ఢిల్లీయందు ఆరంభమైనది. హైదరాబాదులో చౌమహల్లా ప్రాసాదమునకు వెళ్లినవారు అచ్చట పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ కారును చూచియే యుందురు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దానిని తెప్పింపబూని, అది వచ్చులోపలనే 1911లో మరణించినాడు. ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఉత్సవములకు మాత్రము వాడుకొన్నాడు. వెనుకభాగమున నొకే ఆసనము, సింహాసనమువలె. కొద్ది వందల మైళ్లకు మించి తిరుగలేదని చెప్పుదురు. చాలకాలము కదలక నిలిచి, తరువాత బాగుచేయబడినది. మేము దాని ముందు నిలిచినపుడు, ప్రక్కనున్న పిల్లవాడు అది గంటకెన్ని మైళ్లు పోవునని తండ్రి నడుగుచుండెను. నూరు మార్కుల న్యాయనిర్ణేత ఆ పసుపురంగుపై గీతలను వెదకును. మఱొకడు బాగుచేయుటకు ముందు తీసిన ఫోటోలను, మార్చిన భాగముల జాబితాను అడుగును.

ఆ సమాఖ్య లెక్కలో ముప్పది యేండ్లు నిండిన వాహనము పురాతనము. అనగా 1990 నాటి అంబాసిడర్లును ప్రీమియర్ పద్మినులును అందులో చేరినవే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినది. మన యూళ్లలో రేకులషెడ్ల క్రింద, చెట్ల నీడల, తాతలనాటి కార్లు ఇంకను కొన్ని ఉన్నవి. పండుగ వచ్చుచున్నదని వానికి రంగు వేయింప తలచినవారు, పెయింటరు వచ్చుటకు ముందురోజుననే ఒక కెమెరా తీసికొని కారు చుట్టును ఒకసారి తిరుగుట మంచిది. తలుపు లోపలి అంచున, డిక్కీ మూత క్రింద, మొదటి రంగు ఎచ్చటనో ఒకచోట మిగిలియే యుండును.