ఇసుక దిబ్బలు, పచ్చిక, జనం: నెబ్రాస్కా చెర్రీ కౌంటీ జనాభా చరిత్ర

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రపు ఉత్తర సరిహద్దులో, దక్షిణ డకోటాను ఆనుకొని చెర్రీ కౌంటీ ఉంది. విస్తీర్ణం సుమారు 15,560 చదరపు కిలోమీటర్లు. తూర్పు తీరంలోని కనెక్టికట్ రాష్ట్రం కంటే ఇది పెద్దది. కనెక్టికట్‌లో 36 లక్షల మంది ఉంటే, 2020 జనగణనలో చెర్రీ కౌంటీ లెక్క 5,455. అందులోనూ దాదాపు సగం మంది కౌంటీ కేంద్రమైన వాలెంటైన్ పట్టణంలోనే ఉన్నారు. 1920లో ఇక్కడి జనాభా 11,753. నూరేళ్లలో సగానికి పైగా తగ్గిపోయిందంటే, పల్లె అమెరికా ఖాళీ అవుతోందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది. అయితే 1900లో ఈ కౌంటీ జనాభా 6,541, 2000లో 6,148. వందేళ్ల ఎడంలో తేడా 400 కూడా లేదు. కాబట్టి జనం ఎందుకు తగ్గారని అడిగేముందు 1920 నాటికి అంతమంది ఎలా చేరారో తేల్చుకోవాలి. దానికి జవాబు కొంత నేలలో, కొంత చట్టంలో ఉంది.

ముందు నేల సంగతి. కౌంటీలో అత్యధిక భాగం శాండ్‌హిల్స్ అనే ఇసుక దిబ్బల ప్రాంతం. సుమారు 50,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఈ దిబ్బల సముదాయం పశ్చిమార్ధగోళంలోనే పెద్దది. కొన్ని దిబ్బలు 100 మీటర్లకు పైగా ఎత్తుంటాయి. వాటిని కదలకుండా పట్టి ఉంచేది గడ్డి వేర్లే. వాన చినుకు పడీపడగానే ఇసుకలోకి ఇంకిపోతుంది, వాగై పారే నీరు బహు తక్కువ. ఇంకిన నీరంతా ఒగల్లాలా అనే విశాలమైన భూగర్భ జలాశయంలో చేరుతుంది. ఆ జలం దిబ్బల నడుమ పల్లాల్లో చెరువులుగా, చిత్తడి పచ్చికలుగా పైకి తేలుతుంది. నయోబ్రారా, స్నేక్ వంటి నదులకు ఊటగా చేరుతుంది. ఊటనీటి మీద బతికే నదులు కాబట్టి వాటి ప్రవాహం ఏడాదంతా పెద్దగా మారదు. నీటికి లోటు లేని నేలే, కానీ నాగలికి పనికిరాదు. గడ్డి పెకలిస్తే గాలి ఇసుకను తవ్వుకుపోతుంది, రెండు మూడేళ్లలో దిబ్బ పక్కన పెద్ద గొయ్యి పడుతుంది. ఇక్కడివారు బ్లోఅవుట్ అనే ఆ గోతుల్లో ఎండుగడ్డి పరిచి, పశువులను తోలి తొక్కించి, మళ్లీ గడ్డి పట్టేలా చేయడం పశువుల కాపరులకు ఏటేటా ఉండే పని.

1883లో కౌంటీ ఏర్పడేనాటికి ఈ నేల ఖాళీగా ఉన్నట్టు తొలి లెక్కలు చూపుతాయి. ఆ ఖాళీ సహజమైనది కాదు. ఇక్కడి మూలవాసులైన లకోటా జాతివారిని ఉత్తరాన వారికి కేటాయించిన రోజ్‌బడ్ రిజర్వేషన్ ప్రాంతానికి పరిమితం చేసి, వారిపై నిఘాకు 1880 ప్రాంతంలో ఫోర్ట్ నయోబ్రారాను నిలిపిన తరువాతి లెక్కలవి. కౌంటీకి పెట్టిన పేరు కూడా ఆ కోటలో పనిచేస్తూ 1881లో హతుడైన సైనికాధికారి శామ్యూల్ చెర్రీది. అందుకే ఈ కౌంటీ జనాభా చరిత్రను 1890 పట్టికతో మొదలుపెట్టే పద్ధతి నాకు ఒప్పుదల కాదు.

ఇక చట్టం. 1862 హోంస్టెడ్ చట్టం కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చింది. తూర్పు నెబ్రాస్కా నల్లరేగడిలో అది సరిపోయింది, ఇసుకలో సరిపోలేదు. పెద్ద పశుపాలకులు ప్రభుత్వ భూమికే ముళ్లకంచె వేసుకున్నారు. స్పేడ్ రాంచ్ అనే పశుక్షేత్రపు యజమాని బార్ట్‌లెట్ రిచర్డ్స్ భూ మోసాల కేసులో శిక్ష అనుభవిస్తూనే 1911లో మరణించాడు. ఈలోగా 1904లో అమెరికా కాంగ్రెస్ సభ్యుడు మోజెస్ కింకెయిడ్ తెచ్చిన చట్టం పశ్చిమ నెబ్రాస్కాలోని 37 కౌంటీల్లో కుటుంబానికి 640 ఎకరాలు అనుమతించింది. అయిదేళ్లు అక్కడే కాపురముండాలి. 1900లో 6,541 ఉన్న జనాభా పదేళ్లకే 10,414 అయింది.

640 ఎకరాలంటే వినడానికి జమీందారీ. లెక్క వేస్తే బండారం బయటపడుతుంది. ఈ దిబ్బల మీద ఆవూదూడా ఏడాది పొడవునా మేయాలంటే సుమారు 15 నుంచి 20 ఎకరాలు కావాలి. అంటే కుటుంబానికి దక్కేది 30, 40 ఆవులు. వాటి దూడలు అమ్మిన సొమ్ముతోనే ఇల్లు, గుర్రాలు, కంచె, శీతాకాలపు మేత అన్నీ గడవాలి. గడవక కొందరు దిబ్బలు దున్నారు, ఇసుక లేచింది. 1907లో బ్రౌన్‌లీ సమీపాన నార్త్ లూప్ నది వెంట నల్లజాతి కుటుంబాలు నెలకొల్పిన డెవిట్టీ ఊరిదీ ఇదే కథ. మట్టిగడ్డలతో ఇళ్లు కట్టుకుని, బడి, చర్చి నిలుపుకున్న ఆ జనం 1930ల నాటికి చాలావరకు తరలిపోయారు. వారి కష్టంలో లోపం లేదు, ఎకరాల లెక్కలోనే ఉంది. పొరుగువారి భూములు కొన్నవారు నిలిచారు, అమ్మినవారు వెళ్లారు. అందుకే 1920 శిఖరాన్ని ఈ నేల మోయగల జనాభాగా కాక, చట్టం తెచ్చిపెట్టిన పొంగుగా చూడాలి.

1950 తరువాతి తగ్గుదల వేరు. అప్పుడు 8,397, 2020లో 5,455. దీనికి కారణం యంత్రాలు, చిన్న కుటుంబాలు, ఇంకా పెరిగిన రాంచ్‌ల పరిమాణం. పశువులు మాత్రం తగ్గలేదు. మాంసపు ఆవుల సంఖ్యలో దేశంలోని కౌంటీలన్నిటికీ చెర్రీయే ముందు, లక్షన్నరకు పైగా ఉన్నాయి. మనుషులు తగ్గిన చోట ఉత్పత్తి తగ్గలేదన్న ఈ వాస్తవాన్ని గ్రామీణ క్షీణత గురించి రాసేవారు తరచూ వదిలేస్తారు.

పటం మీద మరో విశేషం కనిపిస్తుంది. కౌంటీలో పురపాలన ఉన్న ఊళ్లు వుడ్ లేక్, వాలెంటైన్, క్రూక్‌స్టన్, కిల్‌గోర్, నెంజెల్, కోడి, మెరిమన్. ఏడూ ఉత్తర భాగంలో 20వ నంబరు జాతీయ రహదారి వెంటే, ఒకప్పటి రైలు మార్గం వరుసలోనే ఉన్నాయి. 1883లో వాలెంటైన్ చేరిన ఆ రైలు 1990ల తొలినాళ్లలో ఆగిపోయింది, తూర్పున పట్టాలు తీసేసిన దారి ఇప్పుడు సైకిళ్ల బాట. దక్షిణాన ఉన్న విశాల భూభాగంలో పురపాలక హోదా గల ఊరు ఒక్కటీ లేదు. అక్కడ రాంచ్ ఇంటి నుంచి పొరుగింటికి కిలోమీటర్ల దూరం. పచ్చికలో గాలిమర తోడిన నీరు తొట్టిలో నిండి పొర్లుతుంటుంది. దాని చుట్టూ పశువులు తొక్కిన ఇసుక వలయాన్ని బట్టే అక్కడ మంద తిరుగుతోందని తెలుస్తుంది.

నిజమైన నష్టం సగటు జనసాంద్రతలో కనపడదు, బడి దగ్గర, అంగడి దగ్గర కనపడుతుంది. ప్రాథమిక తరగతులు మాత్రమే ఉన్న చిన్న బడి జిల్లాలను 2005 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం 2006లో విలీనం చేశారు. అదే ఏడాది నవంబరులో ఓటర్లు ఆ చట్టాన్ని తిరస్కరించారు, కానీ అప్పటికే జిల్లాలు రద్దయిపోయాయి. కోడి ఊళ్లో మాత్రం 2013లో గడ్డిమోపులతో గోడలు కట్టిన భవనంలో కిరాణా దుకాణం తెరుచుకుంది. దాన్ని నడిపేది అక్కడి బడి విద్యార్థులే. నూటయాభై చిల్లర మంది ఉండే ఊరికి పాలు, రొట్టె, కూరగాయలు నడిచివెళ్లే దూరంలో దొరుకుతున్నాయి. అది లేకపోతే వాలెంటైన్‌కు రానుపోను సుమారు 120 కిలోమీటర్ల ప్రయాణం. ఇటువంటి కౌంటీలను పరిశీలించేటప్పుడు తలసరి లెక్కలతో పాటు, ప్రతి ఇంటికీ బడి, వైద్యుడు, దుకాణం ఎంత దూరంలో ఉన్నాయో పదేళ్లకోసారి పటం గీసి చూడాలి. జనం ఎక్కడ నిలవగలరో దానివల్ల ముందే తెలుస్తుంది.