క్రీస్తుతత్త్వము – క్రైస్తవ జీవనము

క్రీస్తు ఎవరను ప్రశ్న నాల్గవ శతాబ్దమున క్రైస్తవసంఘమును చీల్చెను. కుమారుడు సృష్టింపబడినవాడని అరియసు బోధింపగా, 325లో నైసియా మహాసభ ఆయన తండ్రితో ఏకతత్త్వము గలవాడని ప్రకటించెను. అయినను వివాదము దశాబ్దములు సాగెను.

కప్పదొకియలోని కైసరయవాసి బసిలు ఆ నైసియా సిద్ధాంతమును సమర్థించి గ్రంథములు వ్రాసెను. వాలెన్సు చక్రవర్తి ఒత్తిడికిని లొంగలేదు. కాని వాదముతోనే ఆయన తృప్తినొందలేదు. కరవునాడు పేదలకు అన్నము పెట్టించెను. 370లో బిషప్పైన పిదప నగరము వెలుపల రోగులకును, కుష్ఠువ్యాధి పీడితులకును, బాటసారులకును ఆశ్రయము నిర్మించెను.

దేవుడే నరుడాయెనని నమ్మినవాడు నరుని ఉపేక్షింపజాలడు. కావున నిజమైన క్రైస్తవు డెవరని తెలిసికొనుటకు, అతడు పఠించు విశ్వాసప్రమాణమును విన్న పిదప, అతని వాకిటికి వచ్చిన ఆకలిగొన్నవానిని గూడ విచారింపవలెనని మేము తలంచుచున్నాము.