గిటారు పికప్పు - మార్పునకు ముందు విచారము

వీణకు పనసకుండ నాదమిచ్చును. విద్యుత్ గిటారున తంత్రుల క్రిందనుండు పికప్పు ఆ పని చేయును. అయస్కాంతము చుట్టు సన్నని రాగితీగెను వేలకొలది చుట్లు చుట్టినదే పికప్పు. ఉక్కుతంత్రి కంపింపగనే ఆ తీగెలో విద్యుత్తు జనించును. యంత్రము దానిని హెచ్చించి వినిపించును. అమెరికాలో జార్జి బీచమ్ రూపొందించిన విద్యుత్ గిటారునకు 1937లో పేటెంటు లభించెను.

ఒంటిచుట్ట పికప్పు, దీపములకు వచ్చు విద్యుత్తు హోరును గూడ గ్రహించును. 1955లో గిబ్సన్ సంస్థయందలి సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగ కూర్చెను. హోరు హోరును హరించెను. నాదము నాదముతో కలిసెను. అయితే ఒంటిచుట్టకుగల తీక్ష్ణత కొంత తగ్గెను.

1972లో లారీ డిమార్జియో అధికబలముగల పికప్పును విడిగా విక్రయింప నారంభించెను. గిటారు నుంచుకొని పికప్పునే మార్చుకొను వాడుక క్రమముగా ప్రబలెను. పలువురు బలము నాశించి పాతవానిని తీసివైచిరి. లవర్ నాటి పికప్పులకు నేడు వేలకొలది డాలర్ల వెల పలుకుచున్నది!

కావున నేను చెప్పునది యిది: కొనువాడు “ఏది గొప్పది?” అని గాక, “నా గిటారునకు గల లోపమేది?” అని విచారింపవలెను. హోరు బాధించిన జంటచుట్టను, నాదము మొద్దుబారిన ఒంటిచుట్టను వెదకవలెను. తీసిన దానిని మాత్రము భద్రపరుపవలెను.